కోతా? చీలికా? కాటా?

ప్రశ్న: కుక్కలు కరిచి చంపాయని చెబుతున్న మేక కళేబర పరీక్ష నివేదికను తెలుగులో రాశాను. మెడ మీది గాయాన్ని ఒకచోట ‘కోత’ అనీ, మరోచోట ‘కాటు’ అనీ రాశానని వెనక్కి పంపారు. అన్నిటికీ ‘గాయం’ అంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. మనకు గాయాల పేర్లు చాలావరకు క్రియల నుంచి పుట్టాయి: కోయు–కోత, పొడుచు–పోటు, కరచు–కాటు, వేయు–వేటు. పేరు రాశారంటే అది ఎలా అయిందో కూడా తేల్చేసినట్టే. ఒకే గాయానికి ‘కోత’, ‘కాటు’ రెండూ రాస్తే కత్తి పట్టిన మనిషినీ కుక్కనూ కలిపి ముద్దాయిలను చేశారు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపిన నేరానికి ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు కనుక ఇది చిన్న పొరపాటు కాదు.

కోతకు అంచులు నున్నగా ఉంటాయి, అక్కడి వెంట్రుకలూ తెగి ఉంటాయి, లోతుకన్నా పొడవు ఎక్కువ. పొడవుకన్నా లోతు ఎక్కువైతే పోటు. ‘గాటు’ మాత్రం వద్దు. చెట్టుకు పెట్టేదీ గాటే, గుత్తివంకాయకు పెట్టేదీ గాటే. లోతెంతో ఆ మాట చెప్పదు.

అసలు తికమక చీలికతో వస్తుంది. నుదురు, ముంగాలు వంటి చోట్ల ఎముక మీద చర్మం బిగుతుగా ఉంటుంది. అక్కడ కర్రదెబ్బ పడినా కత్తితో కోసినట్టే విచ్చుకుంటుంది. భూతద్దంతో చూస్తే అంచులు నలిగి, గాయం అడుగున ఈ పక్క నుంచి ఆ పక్కకు తెగని పోగులు కనిపిస్తాయి. అవి ఉంటే ‘చీలిక’ అని రాయండి.

కుక్క కోర పైతోలుకు చిన్న రంధ్రమే చేస్తుంది. పట్టి విదిలించడంతో లోపలి కండ చిరుగుతుంది. కనుక ముందు కొలబద్ద పక్కన పెట్టి ఫొటో, తర్వాత లాలాజలం కోసం తడి దూదిపుల్లతో నమూనా (ఆరబెట్టి కాగితం కవరులో, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది), ఆ తర్వాతే బొచ్చు కత్తిరించి కొలతలు, చివరికి తోలు ఒలవడం. లోతు చూడాలని సలాకను బలంగా తోస్తే లేని దారి ఏర్పడుతుంది. వివరణలో ‘రెండు గుండ్రని రంధ్రాలు, కింద కండ చిరిగి ఉంది’ అని కనిపించిందే రాయండి. ‘కాటు’ అన్న మాటను అభిప్రాయం రాసే చోటికి దాచుకోండి.

‘కమిలింది’, ‘కదుము కట్టింది’ ఒకటి కావు. మొదటిది రంగు, రెండోది వాపు. నల్లమేకకు కమిలిన సంగతి తోలు లోపలివైపు చూస్తేనే తెలుస్తుంది.

‘పోస్ట్‌మార్టం గాయం’ అని కూడా రాయకండి; పరీక్షలో డాక్టరు పెట్టిన కోత అనుకుంటారు. కళేబరాన్ని కుక్కలు పీకి ఉంటే ‘చనిపోయాక అయిన గాయం’ అనండి. బతికుండగా అయిన గాయంలో రక్తం కండలోకి ఇంకి గడ్డకడుతుంది, కడిగినా పోదు. చనిపోయాక అయినదానికి అంచులు సాధారణంగా పాలిపోయి ఉంటాయి, అంటిన రక్తం నీళ్లకు పోతుంది. ఈ తేడా గమనించి ఉంటే గాయం పేరు పక్కనే రాయండి.