సైలెన్సర్ కార్బైన్ గురించి పిల్లలకు చెప్పబోయే ముందు

చిరంజీవి అప్పలరాజుకు మావయ్య ఆశీస్సులు.

కోరుకొండ సైనిక్ స్కూల్లో స్టెర్లింగ్ సైలెన్సర్ కార్బైన్ (చప్పుడు తగ్గించిన బ్రిటిష్ పొట్టి తుపాకీ) మీద అరగంట మాట్లాడాలని రాశావు. సంవత్సరాలతో మొదలుపెట్టకు. ముందు చప్పుడు సంగతి తేల్చు. లేకపోతే సినిమాల్లో విన్న ‘టుప్’ శబ్దమే వాళ్ల బుర్రల్లో ఉండిపోతుంది.

బోర్డు మీద మూడు మాటలు రాయి: గ్యాసు, గుండు, బోల్టు. బ్యారెల్ మూతి దగ్గర ఒక్కసారిగా విచ్చుకునే గ్యాసుది మొదటి మోత. ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు దారి పొడవునా చేసే ‘ఛెళ్లు’ రెండోది. తుపాకీ లోపల ముందుకీ వెనక్కీ జరిగే ఇనప ముక్కే బోల్టు, అది ఇనుముకి తగిలే చప్పుడు మూడోది. మూతికి తగిలించే సైలెన్సర్ తగ్గించేది మొదటిదాన్నే. రెండోది అర్థం కావాలంటే ఒక చెర్నాకోల పట్టుకెళ్లి గ్రౌండులో ఝళిపించు. కొస ధ్వనివేగం దాటబట్టే ఆ ఛెళ్లు. ఉపన్యాసం కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

ఇక లెక్క. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు. మామూలు స్టెర్లింగ్, అంటే ఎల్2ఎ3, 9 ఎం.ఎం. గుండుని సుమారు 390 మీటర్ల వేగంతో పంపుతుంది. అందుకే సైలెన్సర్ రకం, అంటే ఎల్34ఎ1లో బ్యారెల్‌కే రంధ్రాలు పెట్టారు. గుండు ఇంకా లోపల ఉండగానే కొంత గ్యాసు చుట్టూ ఉన్న లావుపాటి గొట్టంలోకి జారిపోతుంది, గుండు వేగం సుమారు 300కి దిగుతుంది. సైనికుడు వేరే తూటాలు మోయక్కర్లేదు, మామూలువే చాలు. ఈ డిజైన్‌లో తెలివంతా ఇక్కడే ఉంది, కాబట్టి తాపీగా చెప్పు.

దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. గ్యాసు పోయిందంటే బోల్టుని వెనక్కి తోసే బలం తగ్గినట్టే, అందుకే దీనికి తేలికైన బోల్టు వేశారు. బరువేమో 2.7 కిలోల నుంచి 3.6 కిలోలకి పెరిగింది. మసి గొట్టంలో పేరుకుంటుంది. వేడి ఇంకో బాధ: రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ స్టెన్‌గన్ సైలెన్సర్ రకానికి పట్టుకునే చోట కాన్వాస్ తొడుగు ఉండేది, అత్యవసరమైతే తప్ప ఒక్కొక్క తూటాయే కాల్చమనేవారు.

మూడో చప్పుడు మాత్రం పోలేదు. ట్రిగ్గర్ నొక్కితే వెనకనున్న బోల్టు ముందుకొచ్చి గుద్దుకోవాల్సిందే. ఇక్కడ రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైలెన్సర్ తుపాకీ డి లైల్ కార్బైన్‌ని పక్కన పెట్టి పోల్చు. దాని .45 అంగుళాల తూటా పుట్టుకతోనే ధ్వనికంటే నెమ్మది. చేత్తో బోల్టు లాగితే తప్ప లోపల ఏదీ కదలదు. నిశ్శబ్దంలో స్టెర్లింగ్ దాని ముందు నిలవదు. మరి సైన్యం స్టెర్లింగ్‌నే ఎందుకు ఉంచుకుందని పిల్లల్నే అడుగు. వరసగా కాల్చడం సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు.

చరిత్ర అయిదు నిమిషాలు చాలు. 1909లో సైలెన్సర్‌కి పేటెంటు తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్, మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టినాయన కొడుకే. స్టెర్లింగ్‌ని రూపొందించినవాడు జార్జ్ ప్యాచెట్. బ్రిటిష్ సైన్యం 1953లో తీసుకుంది. పాత కాగితాల్లో ‘ప్యాచెట్’ అని కనిపిస్తే వేరే తుపాకీ అనుకోకు. సైలెన్సర్ రకం వియత్నాంలో ఆస్ట్రేలియా ప్రత్యేక దళం ఎస్.ఎ.ఎస్. చేతిలో ఉంది, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో రెండు పక్షాల దగ్గరా ఉంది. 1974లో వచ్చిన జర్మన్ సైలెన్సర్ తుపాకీ ఎంపీ5ఎస్‌డీ కూడా బ్యారెల్ రంధ్రాల దారే పట్టింది. కాకపోతే దాని బోల్టు కాల్చే ముందే మూసుకుని ఉంటుంది.

కాన్పూర్ మాట మర్చిపోకు. మన స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ మామూలు రకాన్ని 1ఎ పేరుతో, సైలెన్సర్ రకాన్ని 2ఎ1 పేరుతో తయారుచేసింది.

ఇంట్లో చెయ్యొచ్చా అని ఒక గుంటడైనా అడుగుతాడు. 1959 ఆయుధాల చట్టం కింద ఆటోమేటిక్ తుపాకీ నిషిద్ధాయుధమని చెప్పి ముందుకెళ్లు. మన జిల్లాలో జవాన్ల ఇళ్లు ఎక్కువ కాబట్టి ‘మా తాత చెప్పిన స్టెన్‌గన్ ఇదేనా’ అని కూడా అడుగుతారు. రెండింటికీ మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఎడమ పక్కనే. స్టెన్‌ది తిన్నగా ఉంటుంది, 32 తూటాలు. స్టెర్లింగ్‌ది వంపు తిరిగి ఉంటుంది, 34. తాత దగ్గర పాత ఫొటో ఉంటే ఆ వంపు చూసుకుని రమ్మను.

మావయ్య