కవర్ చూసి డబ్బు తీయకు

చిరంజీవి చిన్నాకి,
మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పాత వినైల్ రికార్డు ఫొటోలు చూశాను. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బం, ఒరిజినల్, అంటే మొదటిసారి నొక్కిన కాపీ, 180 పౌండ్లు అంటున్నాడు కదా అమ్మేవాడు. కొనకు. మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం, అదే లేబుల్, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో ఉంది, నంబరు కె 40031. అది 1970లలో మళ్లీ నొక్కిన కాపీ. ఆ ఆల్బం 1969 మార్చిలో ఇంగ్లండ్‌లో విడుదలైనప్పుడు నంబరు 588171, లేబుల్ ఎరుపు, ఊదా కలిసిన రంగు. ఇక్కడి వాళ్లు దాన్ని ప్లమ్ లేబుల్ అంటారు. మరీ మొదటి విడతలో కవర్ మీద బ్యాండ్ పేరు నారింజ రంగులో కాక నీలిపచ్చగా ఉంటుంది. అది మంచి కండిషన్‌లో దొరికితే వెయ్యి పౌండ్లు దాటుతుంది, మనం దాని జోలికి వెళ్లొద్దు. అమ్మేవాడు మోసగాడని నేననను. వాళ్ల నాన్న అటక మీది పెట్టె అమ్ముకుంటున్నాడేమో, పాతదల్లా అతనికి ఒరిజినలే. తేడా తెలుసుకోవాల్సింది డబ్బు ఇచ్చేవాడు.

నువ్వు మాంచెస్టర్‌లో ఉన్నావు కాబట్టి ముందు ఒక హద్దు గీసుకో. 1966 నుంచి 1970 దాకా ఇంగ్లండ్‌లో వచ్చిన బ్లూస్ రాక్ చాలు. అమెరికా, జర్మనీ, జపాన్ కాపీలన్నీ వెతకబోతే జీతం చాలదు, మీ ఇంట్లో చోటూ చాలదు. పైగా ఏ దేశపు బ్యాండ్‌ని ఆ దేశంలో నొక్కిన కాపీలోనే కొనమనడానికి గట్టి కారణం ఉంది. స్టూడియోలో తయారైన అసలు మాస్టర్ టేప్ సాధారణంగా ఆ దేశంలోనే ఉండేది. వేరే దేశానికి టేప్ నకలు పంపేవాళ్లు, ఒక్కోసారి నకలుకి నకలు. ప్రతి నకలులోనూ కొంచెం రొద పెరుగుతుంది, కొంచెం పదును పోతుంది.

టేప్ నుంచి రికార్డు దాకా దారి ఇలా ఉంటుంది. ముందు ఇంజనీరు టేప్ వింటూ లాకర్ అనే మెత్తటి పళ్లెం మీద గాడి కోస్తాడు. దాని మీద లోహపు పూత ఎక్కించి ఊడదీస్తే ఫాదర్ వస్తుంది, దాన్నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్లు. స్టాంపర్‌తో వేడి వినైల్‌ని నొక్కితే మన చేతికొచ్చే రికార్డు. ఒక్కో స్టాంపర్ కొన్ని వందల కాపీల తర్వాత అరుగుతుంది, అప్పుడు ఇంకోటి బిగిస్తారు. అందుకే ఒకే ఏడాది, ఒకే లేబుల్‌తో వచ్చిన రెండు కాపీలు కూడా ఒకేలా వినపడకపోవచ్చు.

ఈ చరిత్ర చాలావరకు రికార్డు మీదే రాసి ఉంటుంది. చివరి పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగాన్ని డెడ్‌వ్యాక్స్ అంటారు. దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. ఎన్నో కోతో చెప్పే మ్యాట్రిక్స్ నంబరు కనపడుతుంది, దాని చివర 1 అని ఉంటే అది మొదటి కోత. డెక్కా అనే ఇంగ్లిష్ రికార్డు కంపెనీ వాళ్ల రికార్డుల్లో ఆ అంకె పక్కన ఒక అక్షరం కూడా ఉంటుంది, ఏ ఇంజనీరు కోశాడో అది చెబుతుంది. మ్యాట్రిక్స్ నంబరుని గడియారంలో ఆరు దగ్గర పెట్టుకుంటే మూడు దగ్గర ఎన్నో స్టాంపరో చెప్పే గుర్తు దొరుకుతుంది. డెక్కా వాళ్లు అంకెల బదులు బకింగ్‌హామ్ అన్న పేరులోని పది ఇంగ్లిష్ అక్షరాలు వాడారు. బి ఒకటి, యు రెండు, సి మూడు, అలా చివరి ఎం దగ్గరికి వచ్చేసరికి సున్నా. ఈఎంఐ అనే మరో కంపెనీ వాళ్ల వరుస జి, ఆర్, ఎ, ఎం, ఒ, పి, హెచ్, ఎల్, టి, డి. గ్రామఫోన్ లిమిటెడ్ అన్నమాట. ఈ రెండూ బట్టీ పట్టు, నీ ఎక్కాల కన్నా తేలికే. కొన్నిట్లో సరదా రాతలు కూడా దొరుకుతాయి. లెడ్ జెప్పెలిన్ మూడో ఆల్బం తొలి కాపీల్లో అలెస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మంత్రతంత్రాల రచయిత మాటలు గీసి ఉంటాయి, ఆ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌కి ఆయనంటే అంత పిచ్చి.

ఇక ఏవి వెతకాలంటావా, నన్నడిగితే మొదటి పేరు జాన్ మేయల్ ఆల్బం బ్లూస్ బ్రేకర్స్ విత్ ఎరిక్ క్లాప్టన్. 1966 జూలై, డెక్కా, మోనో, అంటే ధ్వనంతా ఒకే దారిలో వచ్చే కాపీ, నంబరు ఎల్‌కె 4804. కవర్ మీద గిటారిస్టు క్లాప్టన్ బీనో అనే పిల్లల కామిక్ చదువుకుంటూ ఉంటాడు, అందుకే దుకాణాల్లో దాన్ని బీనో ఆల్బం అంటే చాలు. లేబుల్ మెరూన్ రంగు, డెక్కా పేరు చుట్టూ గడి ఉండకూడదు. గడి ఉంటే 1970 ప్రాంతంలోదో, ఆ తర్వాతదో. స్టీరియో కాపీలు తర్వాత వచ్చాయి, వాటికోసం ఆరాటపడకు. ఆ గిటార్ మోనోలోనే ఎదురుగా నిలబడి మీద పడుతుంది.

ఆ ఆల్బం నిర్మాత మైక్ వెర్నన్ సొంతంగా బ్లూ హొరైజన్ అనే రికార్డు కంపెనీ నడిపాడు. గిటారిస్టు పీటర్ గ్రీన్ ఉన్న కాలపు ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ మొదటి ఆల్బం 1968 ఫిబ్రవరిలో అందులోనే వచ్చింది, నంబరు 7-63200, కవర్ మీద సందులో కుక్క, చెత్తడబ్బా. తర్వాతి రోజుల ఫ్లీట్‌వుడ్ మ్యాక్ పాటలు మీ అమ్మకి ఇష్టం, కానీ ఇది వినిపిస్తే గుర్తు పట్టదు. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ మొదటి ఆల్బం 1967లో ట్రాక్ లేబుల్ మీద మోనోలోనే వచ్చింది, నంబరు 612 001. అమెరికాలో రిప్రీజ్ వాళ్లు పాటల జాబితానే మార్చేశారు, కాబట్టి ఆ రెండూ వేర్వేరు ఆల్బంలనుకో. క్రీమ్ బ్యాండ్ మొదటి రెండు ఆల్బంలకి రియాక్షన్ లేబుల్ చూడు. గిటారిస్టు జెఫ్ బెక్ ట్రూత్ ఆల్బం కొలంబియాది. అది ఈఎంఐ కొలంబియా, అమెరికా కొలంబియాతో కలపకు.

ఒక్కచోట మాత్రం నేను గీసిన హద్దు నేనే దాటమంటాను. లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బం, 1969 అక్టోబర్, అమెరికాలో అట్లాంటిక్ కంపెనీ ఎస్‌డి 8236. దాన్ని స్టెర్లింగ్ సౌండ్‌లో కోసింది బాబ్ లుడ్విగ్ అనే కుర్రాడు. గాడి ఎంత బలంగా కోశాడంటే చౌక ప్లేయర్ల మీద సూది ఎగిరిపోయింది. కంపెనీ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ వాళ్లమ్మాయి ప్లేయర్ మీద కూడా అదే జరిగిందని, దాంతో శబ్దం తగ్గించి మళ్లీ కోయించారని లుడ్విగే చెప్పాడు. మొదటి కోత కాపీల డెడ్‌వ్యాక్స్‌లో రెండు వైపులా ఆర్‌ఎల్ అని ఉంటుంది. ఒకవైపే ఉంటే మొదటి కోత ధర ఇవ్వకు. బ్రిటిష్ ప్లమ్ కాపీ నంబరు 588198, మొదటి వాటిలో ఒక పాట పేరు తప్పుగా అచ్చయింది. ఆ తప్పుకి అదనంగా డబ్బు అడుగుతారు. నా మాటకేం గానీ, అచ్చుతప్పు వినపడదు కదా!

కండిషన్ దగ్గర పిసినారితనం చేసినా ఫర్వాలేదు, మొహమాటం మాత్రం వద్దు. దుకాణంలో రికార్డుని బల్బు కింద వంచి చూడు. గోరుకి తగిలే గీత ప్రతి చుట్టుకీ టక్ మంటుంది. గోరుకి తగలని సన్న గీతలు చాలావరకు వినపడవు. అసలు భయపడాల్సింది కంటికి కనపడని అరుగుదలకి. ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్న పెట్టె ప్లేయర్లు సూదిని గాడిలో గట్టిగా నొక్కేవి. రికార్డు తళతళలాడుతున్నా, గిటార్ పైకెళ్లిన చోటల్లా బరబరమంటుంది. మధ్య కన్నం చుట్టూ లేబుల్ మీద గీరలు ఎక్కువుంటే బాగా వాడిన రికార్డని అర్థం. వినిపించమని అడుగు, అది కూడా ప్రతి వైపూ చివరి పాట. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది కాబట్టి అరుగుదల అక్కడే బయటపడుతుంది. వినిపించనంటే నవ్వుతూ బయటికి వచ్చెయ్. ఆన్‌లైన్‌లో వీజీ, అంటే వెరీ గుడ్, అని గ్రేడ్ రాసినవి వదిలెయ్, వీజీ ప్లస్ నుంచి చూడు. డెడ్‌వ్యాక్స్ ఫొటో అడిగితే పంపనివాడి దగ్గర అసలు కొనకు. పాత కవర్‌లో తర్వాతి రికార్డు పెట్టి అమ్మడం మామూలు విషయం, కవర్, లేబుల్, మ్యాట్రిక్స్ మూడూ ఒకే కథ చెప్పాలి.

మీ ఊళ్లో ఓల్డమ్ స్ట్రీట్‌లో వినైల్ ఎక్స్‌ఛేంజ్ అనే రికార్డుల దుకాణం ఉంది, సెలవు రోజు అక్కడికి వెళ్లి కొనకుండా చూడు. లేబుళ్లు చేత్తో పట్టుకుని చూస్తే కన్ను అలవాటు పడుతుంది. దానంగా వచ్చిన వస్తువులు అమ్మే ఛారిటీ షాపుల్లో మంచివి దొరకడం తగ్గింది, వాళ్లూ ధరలు ఫోన్‌లో చూసుకుంటున్నారు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ రికార్డుల ఫెయిర్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఎప్పుడైనా వెళ్దాం. అక్కడ డబ్బంతా పట్టుకెళ్లకూడదు, అదొక్కటే నియమం.

నీ గదిలో ఉన్న ఆ సూట్‌కేస్ ప్లేయర్ మీద మాత్రం వీటిలో ఒక్కటి కూడా పెట్టకు. ముందు సరైన టర్న్‌టేబుల్, బరువు సర్దుకునే చేయి ఉన్నది కొను. కొత్తగా తెచ్చిన ప్రతి రికార్డూ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాకే సూది కింద పెట్టు. పాత కాగితపు లోపలి కవర్ పారెయ్యకు, పక్కన దాచి రికార్డుని కొత్త ప్లాస్టిక్ లైనర్‌లో పెట్టు. పీవీసీ తొడుగులు వద్దు, ఏళ్ల తరబడి ఉంచితే రికార్డు మీద పొగలాంటి మచ్చ దిగుతుంది. నిలువుగా నిలబెట్టు, హీటర్‌కి దూరంగా, చెమ్మ పట్టే గోడకి ఇంకా దూరంగా.

ఆ 180లో సగం టర్న్‌టేబుల్‌కి పక్కన పెట్టు. మిగతాదానితో మొదటి కొనుగోలుగా ఫ్రీ అనే బ్యాండ్ వాళ్ల ఫైర్ అండ్ వాటర్ చూడు, 1970, ఐలాండ్ ఐఎల్‌పీఎస్ 9120. మొదట వచ్చిన పింక్ లేబుల్ కాపీ ధర కుదరకపోతే ఆ తర్వాత వచ్చిన పింక్ అంచు, తాటిచెట్టు లేబుల్ చూడు. మ్యాట్రిక్స్ అదే ఉంటే కోత కూడా అదే, ధర మాత్రం బాగా తక్కువ. డబ్బు ఇచ్చే ముందు రెండు వైపుల డెడ్‌వ్యాక్స్ ఫొటోలు నాకు పంపు, ఫ్లాష్ వెయ్యకుండా తియ్యి. అక్కకి మాత్రం ధరలు చెప్పకు, ఫోన్ నాకొస్తుంది.

మీ మావయ్య
లెస్టర్ ఊరి నుంచి