గోల్‌కీపర్లు మంచి కోచ్‌లు అవుతారా? చెర్చెసోవ్ కెరీర్ చూస్తే ఏమనిపిస్తుంది?

రష్యా మాజీ కీపర్ స్టానిస్లావ్ చెర్చెసోవ్ కెరీర్ గురించి చెప్పమన్నారు, కీపర్లు మంచి కోచ్‌లు అవుతారా అని కూడా అడిగారు. అవుతారనే నా నమ్మకం. "కీపర్‌కి గ్రౌండ్ అంతా కనిపిస్తుంది కాబట్టి" అని అందరూ చెప్పే కారణం మాత్రం నాకు చాలదు. గ్రౌండ్ మిడ్‌ఫీల్డర్‌కీ కనిపిస్తుంది. కీపర్‌గా బతికినవాడికి తెలిసేది వేరే ఉంది: తప్పు చేసినవాణ్ని మరుసటి రోజు ఏం చేయాలో.

నేను మెడిసిన్ చదివింది వ్లాదికవ్‌కాజ్‌లో. కాకసస్ కొండల అంచున ఉన్న ఉత్తర ఒసేతియా రాజధాని అది. చెర్చెసోవ్ 1963లో పుట్టిన అలగిర్ ఊరు అక్కడికి దగ్గరే. ఒసేతియాలో కుస్తీ అంటే ప్రాణం, ఆ తర్వాతే ఫుట్‌బాల్. హాస్టల్ టీమ్‌లో నేను గోల్ కీపింగ్ చేసేవాణ్ని. మాకు ట్రైనింగ్ ఇచ్చిన స్థానిక కోచ్ ఒక నియమం పెట్టారు: గోల్ పడ్డాక కీపర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. తిట్టకూడదు, ఓదార్చకూడదు. బంతి వలలోంచి తీసి సెంటర్‌కి పంపేదాకా వాడి మానాన వాణ్ని వదిలేయాలి. చెర్చెసోవ్ గురించి నేను మొదట విన్నది కూడా ఆయన నోటే.

చెర్చెసోవ్ మొదట వ్లాదికవ్‌కాజ్ జట్టులోనే ఆడారు. అప్పట్లో వ్లాదికవ్‌కాజ్ పేరు ఓర్జొనికిద్జె. 1984లో మాస్కో స్పార్టక్‌కి వెళ్లారు. అక్కడ నంబర్ వన్ రినాత్ దసాయెవ్, ప్రపంచంలోని గొప్ప కీపర్లలో ఒకడని పేరున్నవాడు. స్ట్రైకర్ అయితే చివరి పదిహేను నిమిషాలైనా దింపుతారు. రెండో కీపర్‌కి ఆ అవకాశం కూడా ఉండదు, మొదటివాడికి దెబ్బ తగలాలి లేదా క్లబ్ మారాలి. చెర్చెసోవ్ ఏళ్ల తరబడి అలా బెంచ్ మీదే ఉన్నారు. 1988లో లోకోమోతివ్‌కి వెళ్లి ఆడారు. ఆ ఏడాది చివర్లో దసాయెవ్ స్పెయిన్‌లోని సెవియాకు వెళ్లిపోవడంతో స్పార్టక్ ఆయన్ని వెనక్కి పిలిచింది. వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1989లో, స్పార్టక్ సోవియట్ చాంపియన్ అయింది. సోవియట్ యూనియన్‌లో ఆ ఏటి ఉత్తమ కీపర్ కూడా ఆయనే.

ఆటగాడిగా ఆయన వైభవం 1990-91 యూరోపియన్ కప్. మారడోనా ఉన్న నాపోలీని మాస్కోలో పెనాల్టీల్లో దాటారు. క్వార్టర్‌ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లోనే 3-1తో ఓడించారు. సెమీస్‌లో మార్సెయ్ చేతిలో ఆగిపోయారు. తర్వాత జర్మనీలో డైనమో డ్రెస్డెన్‌కి ఆడారు. 1995 శరత్కాలంలో కొన్నాళ్లు స్పార్టక్‌కి తిరిగొస్తే, చాంపియన్స్ లీగ్ గ్రూప్‌లో ఆరుకి ఆరూ గెలిచారు. ఆపై ఆస్ట్రియాలో టిరోల్ ఇన్స్‌బ్రుక్‌కి వెళ్లి 2000, 2001, 2002ల్లో వరుసగా మూడు లీగ్ టైటిళ్లు. మూడో టైటిల్ అప్పుడు కోచ్ యోఆఖిమ్ లోవ్, తర్వాత జర్మనీకి వరల్డ్ కప్ తెచ్చిన అదే లోవ్. టైటిల్ గెలిచిన ఆ ఏడాదే క్లబ్ దివాలా తీసింది. 38 ఏళ్ల వయసులో 2002 వరల్డ్ కప్ జట్టులో కూడా ఉన్నారు, కాకపోతే ఆడే అవకాశం రాలేదు.

ఇక అసలు విషయం. 1996 యూరో (యూరప్ దేశాల టోర్నీ), లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్, ఇటలీతో రష్యా మొదటి మ్యాచ్. ఆట మొదలై ఐదు నిమిషాలే. చెర్చెసోవ్ తన్ని పంపబోయిన బంతి సరిగ్గా తగలక ఇటలీ వాళ్లకు చిక్కింది. క్షణాల్లో ఇటలీ ఆటగాడు కసిరాగీ గోల్ కొట్టేశాడు. మ్యాచ్ 2-1తో ఇటలీది. స్ట్రైకర్ పది అవకాశాలు పాడుచేసి పదకొండోది కొడితే హీరో. కీపర్ ఒక్కటి పాడుచేస్తే జనం గుర్తుపెట్టుకునేది ఆ ఒక్కటే.

కోచ్‌గా ఆయన దారి కూడా నున్నగా సాగలేదు. 2004లో ఆస్ట్రియాలోని కుఫ్‌స్టైన్ అనే చిన్న క్లబ్‌తో మొదలుపెట్టారు. స్పార్టక్ కోచ్‌గా 2007లో రెండో స్థానం తెచ్చినా, 2008 జులైలో మాస్కోలోనే ఉన్న మరో క్లబ్ సీఎస్‌కేఏ చేతిలో 5-1తో ఓడాక కెప్టెన్ తితోవ్‌తో సహా పేరున్న ఆటగాళ్లను రిజర్వ్ జట్టుకి పంపేశారు. స్పార్టక్ అభిమానులకు తితోవ్ అంటే దేవుడు. నెల తిరిగేసరికి డైనమో కీవ్‌తో సొంత గ్రౌండ్‌లో 4-1తో ఓడి పదవి పోయింది. మొండితనం ఆయనకు పుట్టుకతో వచ్చిందని ఒసేతియా వాళ్లే గర్వంగా చెబుతారు. నా దృష్టిలో అది ఆయనకు మేలెంత చేసిందో కీడూ అంతే చేసింది. ఆ తర్వాత సోచి, గ్రోజ్నీ, పెర్మ్, డైనమో మాస్కో. డైనమోతో 2014-15 యూరోపా లీగ్ గ్రూప్‌లో మళ్లీ ఆరుకి ఆరూ గెలిచారు, ఈసారి కోచ్‌గా. పోలాండ్‌లో లెగియా వార్సాకి, ఆ క్లబ్ నూరో ఏట, లీగూ కప్పూ రెండూ తెచ్చిపెట్టారు. 2016 ఆగస్టులో రష్యా జాతీయ జట్టు పగ్గాలు చేతికొచ్చాయి.

కీపర్ కోచ్ అయితే తేడా ఏంటో నాకు అర్థమైంది ఈ దశలోనే. 2017 కాన్ఫెడరేషన్స్ కప్‌లో, కజాన్‌లో మెక్సికోతో మ్యాచ్‌లో రష్యా కీపర్ ఇగోర్ అకిన్‌ఫెయెవ్ గోల్ వదిలి ముందుకు దూసుకొచ్చాడు. మెక్సికో ఆటగాడు లొజానో వాడికంటే ముందే బంతిని తలతో కొట్టి ఖాళీ గోల్‌లోకి పంపాడు. రష్యా 2-1తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి వెళ్లింది. 2014 వరల్డ్ కప్‌లో కొరియాపై చేతిలోంచి బంతి జారవిడిచినవాడు కూడా ఇదే అకిన్‌ఫెయెవ్. వాణ్ని పక్కన పెట్టాలని హాస్టల్ వంటగదిలో కూడా వాదనలు నడిచేవి. చెర్చెసోవ్ మార్చలేదు. జట్టు కీపింగ్ కోచ్ గింటారస్ స్టౌచె కూడా ఒకప్పుడు స్పార్టక్‌లో ఆయనతో పాటు ఉన్న కీపరే. ఆన్‌ఫీల్డ్‌లో ఐదో నిమిషం తర్వాత మిగతా ఎనభై ఐదు నిమిషాలు ఎలా గడుస్తాయో తెలిసిన మనిషి అకిన్‌ఫెయెవ్‌ని ఎందుకు ఉంచారో ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు.

2018 వరల్డ్ కప్ సొంత దేశంలో. మొదలయ్యేనాటికి రష్యా వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలవలేదు. ర్యాంకు 70, టోర్నీలో ఉన్న జట్లన్నింటిలో చివరిది. టీవీలో, బస్సుల్లో అంతటా ఆయన మీద జోకులే. తీరా మొదటి మ్యాచ్‌లో సౌదీని 5-0, తర్వాత ఈజిప్ట్‌ని 3-1తో కొట్టారు. అంతకు ముందు చాలాకాలం ఆయన పిలవని స్ట్రైకర్ జ్యూబా, సౌదీపై సబ్‌స్టిట్యూట్‌గా దిగి నిమిషంలోనే గోల్ కొట్టి నేరుగా కోచ్ వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. చెర్చెసోవ్ తిరిగి సెల్యూట్ చేశారు.

జులై 1న లుజ్నికీలో స్పెయిన్‌తో ప్రీ క్వార్టర్స్. ఆ మ్యాచ్ నేను నా ఒసేతియన్ క్లాస్‌మేట్ ఇంట్లో చూశాను. ఐదుగురు డిఫెండర్లతో దిగి, బంతిని స్పెయిన్‌కే వదిలేశారు. అంతకు ముందు మూడు గోల్స్ కొట్టిన చెరిషెవ్‌ని కూడా బెంచ్ మీద కూర్చోబెట్టారు. వాళ్లు వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చుకున్నారు. 38 ఏళ్ల ఇగ్నాషెవిచ్ సొంత గోల్, పెనాల్టీతో జ్యూబా సమం చేయడం, అంతే, ఇంకేమీ జరగలేదు. నాతో పాటు చూస్తున్నవాళ్లు "ఇదేం ఆట, ముందుకు పోనివ్వడేం?" అని గొణిగారు. నాకు మాత్రం ఇది కీపర్ రాసిన ప్లాన్ అని స్పష్టంగా కనిపించింది. తన జట్టు బలహీనమని ఆయనకు తెలుసు. మ్యాచ్ మొత్తాన్ని ఇద్దరు కీపర్ల మధ్య పోటీగా మార్చేదాకా లాక్కెళ్లడమే ఆయన పెట్టుకున్న లెక్క.

షూటౌట్‌లో అకిన్‌ఫెయెవ్ మొదట స్పెయిన్ ఆటగాడు కోకె షాట్‌ని ఆపాడు. తర్వాత ఆస్పస్ కొట్టినప్పుడు అకిన్‌ఫెయెవ్ శరీరం అప్పటికే పక్కకు పడిపోతోంది, బంతి మధ్యలోకి వస్తోంది. వెనకబడిన ఎడమ కాలు ఎత్తాడు. బంతి బూటుకి తగిలి ఎగిరిపోయింది. అది ప్రాక్టీస్‌లో వచ్చేది కాదంటారు, వస్తుంది. డైవ్ చేశాక కూడా కాలుని సాయంగా ఉంచమని మా కోచ్ మాకు నేర్పేవారు. ఆ రాత్రి ఆ ఇంట్లో జున్ను కూరి కాల్చిన గుండ్రటి రొట్టెలు మూడు బల్ల మీద పెట్టారు, అక్కడ శుభకార్యానికి పద్ధతి అది. ఇంటి పెద్దాయన లేచి నిలబడి మొదట దేవుడికి, తర్వాత వాళ్లు కొలిచే ఉవాస్తిర్జీకి గ్లాసెత్తి, ఆపైన "మా అలగిర్ కొడుకు" పేరు చెప్పారు. వారం తిరక్కుండా సోచిలో క్రొయేషియాతో అదే పెనాల్టీల్లో ఓడారు. అప్పుడు కూడా ఎవరూ ఆయన్ని తిట్టగా నేను వినలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టు. 2021లో జరిగిన యూరో 2020కి అకిన్‌ఫెయెవ్ లేడు, వరల్డ్ కప్ తర్వాత జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. బెల్జియంతో మొదటి మ్యాచ్‌లో కొత్త కీపర్ షునిన్ చేతికి తగిలిన బంతి బెల్జియం ఆటగాడు మ్యూనియె కాళ్ల ముందు పడి గోల్ అయింది. స్కోరు 3-0. తర్వాతి మ్యాచ్‌కి షునిన్ బదులు కుర్రాడు సఫోనోవ్ వచ్చాడు. ఫిన్లాండ్‌పై గెలిచి, డెన్మార్క్ చేతిలో 4-1తో ఓడి రష్యా వెనుదిరిగింది, ఆ జులైలోనే చెర్చెసోవ్‌ని తొలగించారు. అప్పటికి నేను ఇండియా వచ్చేశాను. ఓటమి కంటే ఆ కీపర్ మార్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అకిన్‌ఫెయెవ్‌కి ఇచ్చిన నమ్మకం షునిన్‌కి ఎందుకు ఇవ్వలేదు? సఫోనోవ్ నిజంగానే మెరుగైన కీపర్ అని తర్వాత ఫ్రాన్స్‌లోని పెద్ద క్లబ్ పీఎస్‌జీ దాకా వెళ్లి నిరూపించుకున్నాడు, కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పని తేల్చేయలేను. నచ్చలేదు, అంతే.

తర్వాత హంగరీలో ఫెరెన్ట్స్‌వారోష్‌తో 2022, 2023 లీగ్‌లు గెలిచారు. మొనాకో, ట్రాబ్జాన్‌స్పోర్ ఉన్న యూరోపా లీగ్ గ్రూప్‌లో ఆ క్లబ్‌ని మొదటి స్థానంలో నిలిపారు. 2023 జులైలో ఫారో దీవుల క్లబ్ క్లాక్స్‌విక్ చేతిలో సొంత గ్రౌండ్‌లో 3-0తో ఓడగానే తీసేశారు. 2024లో కజకిస్తాన్ జట్టు కోచ్ అయి, స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ ఉన్న నార్వేని మొదటి మ్యాచ్‌లోనే 0-0 దగ్గర ఆపారు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే హైలైట్స్ సరిపోవు. స్పెయిన్ మ్యాచ్ పూర్తి వీడియో దొరికితే ఎక్స్‌ట్రా టైమ్ నుంచి చూడండి. బంతిని వదిలేసి రష్యా డిఫెండర్లు ఇగ్నాషెవిచ్, కుతెపోవ్, కుద్ర్యషోవ్ ముగ్గురూ అకిన్‌ఫెయెవ్‌కి ఎంత దూరంలో నిలబడుతున్నారో గమనించండి.