ఫైండర్‌ను పగలే సరిచేసుకో

తమ్ముడూ, హన్మకొండలో మేడ మీద 70/700 టెలిస్కోప్‌తో (ముందు కటకం వెడల్పు 70 ఎంఎం, నాభ్యంతరం 700 ఎంఎం) చంద్రుడు దొరుకుతున్నాడు గానీ గురుగ్రహం వైపు పెడితే అంతా నలుపే అన్నావు కదా, టెలిస్కోప్ బాగానే ఉంది, ట్యూబు మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న ఫైండర్ పక్కకు చూస్తోంది అంతే. రాత్రి దాంతో కుస్తీ పట్టకు. పగలు 25 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టి, పద్మాక్షి గుట్ట మీద ఏదో ఒక బండ అంచును సరిగ్గా మధ్యకు తెచ్చుకో, ట్యూబు కదలకుండా ఫైండర్ మరలు ఒక్కొక్కటే తిప్పుతూ అదే అంచు దాని గుర్తు మీదికి వచ్చేదాకా సరిచెయ్యి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకు, కన్ను పోతుంది.

రాత్రి కూడా 25తోనే వెతుకు, 28 రెట్లు చాలు, గురుగ్రహం దొరికాక 10 ఎంఎం ఐపీస్ పెట్టు. ఫోకస్ చక్రం మెల్లగా తిప్పితే మసక బిళ్ల చిన్నదై, పక్కన వరుసగా మూడో నాలుగో చుక్కలు తేలతాయి. అవి గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలు, 1610లో గెలీలియో చూసినవి అవే! నేనైతే మొదటిసారి మా అమ్మను నిద్రలేపి మరీ చూపించాను.