పదేళ్లు ఒకే పని చేస్తే అందులో నిపుణులం అయిపోతామా?

10,000 గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారంటారు, నిజమేనా అని అడిగారు. నేను 18 ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మొదటి 8 ఏళ్లలో నాకు వేగం వచ్చింది గానీ, పని పూర్తిగా రాలేదు.

అప్పట్లో ఆది జాకెట్టు ఇస్తే దాన్ని గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి కత్తిరించేసేదాన్ని. రోజుకు నాలుగు కుట్టేదాన్ని. ఎవరూ వంక పెట్టట్లేదు కాబట్టి బాగానే కుడుతున్నాననుకున్నాను. నచ్చనివాళ్లు గొడవ పడరు, మళ్లీ రారు, అంతే. ఆ సంగతి అర్థం కావడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఒకరోజు ఒక టీచరు గారు మా ఇంట్లోనే జాకెట్టు వేసుకుని, బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యి పైకెత్తి చూపించారు. నడుము దగ్గర జాకెట్టు రెండు వేళ్ల మేర లేచిపోయింది. "రోజంతా ఇదే పని కదక్కా, కిందికి లాక్కోలేక చస్తున్నా" అన్నారు. చంక బిగుతుగా ఉందని ఎవరన్నా అంటే ఇంకాస్త లోతుగా కత్తిరించడం నా అలవాటు. తప్పంతా అక్కడే ఉంది. చంక కిందికి దిగేకొద్దీ, చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం దాంతోపాటే లేస్తుంది. వేల జాకెట్లకు అదే తప్పు చేశాను.

తర్వాత మూడు నెలల పాటు మధ్యాహ్నాలు పాత చీరల మీద చంక, చెయ్యి మాత్రమే కత్తిరిస్తూ, కుడుతూ, విప్పుతూ కూర్చున్నాను. అర అంగుళం పైకి, పావు అంగుళం లోపలికి... ప్రతిదీ మా చెల్లికి తొడిగి చెయ్యి ఎత్తమనేదాన్ని. ఏది మారిస్తే ఏమైందో నోటుబుక్కులో రాసుకున్నాను. జాకెట్టు తీసుకోవడానికి వచ్చినవాళ్లను వేసుకుని వంగి, చెయ్యి ఎత్తి చూపించమని అడగడం మొదలుపెట్టాను. ఏం అంటారోనని మొదట్లో చాలా టెన్షన్ పడేదాన్ని.

మీరన్న 10,000 గంటల లెక్క మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసి, 1993లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. అందరికంటే బాగా వాయించేవాళ్లు 20 ఏళ్లు వచ్చేసరికి సగటున అంత సాధన చేశారు. అది సగటు మాత్రమే. అన్ని గంటలు కాకముందే ఆ స్థాయికి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పైగా వాళ్లు లెక్కపెట్టింది ఒంటరిగా కూర్చుని సాధన చేసిన గంటల్ని. అది చదివినప్పుడు నాకు ఆ పాత చీరల మధ్యాహ్నాలే గుర్తొచ్చాయి.

అలాగని ఆ 8 ఏళ్లు వృథా అనను. ఏ సిల్కు మిషన్ కింద జారుతుందో, ఏ కాటన్ ఉతికితే కుంచించుకుపోతుందో పట్టుకోగానే చెప్పగలుగుతున్నానంటే అది ఆ ఏళ్ల చలవే. చంక మాత్రం వాటంతట అవి నేర్పలేదు.

ఒక భుజం కాస్త దిగి ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఒక్కసారికే సరిగ్గా కుదరట్లేదు. ఈ నెల దాని మీదే కూర్చున్నాను. నోటుబుక్కులో ఆరు పేజీలయ్యాయి.