తుపాకీ తెప్పించేది వాళ్లు, గుర్తింపు మాత్రం నాదా?

ప్రశ్న: మా తాతగారి రెండు గొట్టాల 12 బోరు తుపాకీ గుంటూరులో ఉంది. నాకు గ్రీన్‌కార్డు ఉంది, ఉండేది డాలస్‌లో. దాన్ని ఇక్కడికి తెప్పించమని ఒక ఇంపోర్టర్‌ని అడిగితే నా డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్‌కార్డు, తాతగారి లైసెన్సు కాపీ, తుపాకీ ఫొటోలు పంపమన్నారు. పర్మిట్ వాళ్ల పేరు మీదే కదా, నా పుట్టుపూర్వోత్తరాలు వాళ్లకెందుకు?

జవాబు: పర్మిట్ వాళ్ల పేరు మీదే వస్తుంది. రేపు ఆ తుపాకీ ఎక్కడికి పోయిందని అడిగితే లెక్క చెప్పాల్సిందీ వాళ్లే. అందుకే ఈ కాగితాలు.

మామూలు తుపాకుల యజమానుల జాబితా అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దగ్గర లేదు. అలాంటిది పెట్టకూడదని 1986లో చట్టమే చేశారు. కాబట్టి నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) ట్రేసింగ్ కేంద్రం ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోవాలి. విదేశీ తుపాకీ అయితే మొదట అడిగేది దాని మీద పేరు చెక్కి ఉన్న ఇంపోర్టర్‌నే. 24 గంటల్లో జవాబివ్వాలి.

ఈ పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరుండే డాలస్‌కే బాగా తెలుసు. 1963లో అక్కడ ప్రెసిడెంట్ కెనెడీ హత్య తర్వాత దొరికిన ఇటలీ కార్కానో రైఫిల్ మీద సి2766 అన్న నంబరుంది. ఆ నంబరు పట్టుకుని న్యూయార్క్ దిగుమతిదారు దగ్గరికీ, అక్కణ్ణుంచి షికాగోలోని క్లైన్స్ దుకాణానికీ ఎఫ్‌బీఐ తెల్లారేలోపే చేరింది. అక్కడ దొరికింది ‘ఏ. హిడెల్’ అన్న పేరు, డాలస్‌లో ఒక పోస్టుబాక్సు. పత్రికలో కూపన్ కత్తిరించి 21.45 డాలర్ల మనీఆర్డరు జతచేస్తే రైఫిల్ పోస్టులో వచ్చేసింది. హిడెల్ అన్నది హత్య కేసులో పట్టుబడ్డ ఆస్వాల్డ్ దొంగపేరని తేల్చడానికి చేతిరాత నిపుణులు కావాల్సొచ్చింది. గొలుసు అంతా గట్టిగానే ఉంది, చివరి లింకే బోగస్. 1968 గన్ కంట్రోల్ చట్టం బిగించింది ఆ లింకునే.

ఇక మీ పని. దిగుమతి పర్మిట్ కోసం ఏటీఎఫ్‌కి ఫారం 6 అనే దరఖాస్తు పెట్టాలి. అందులో తయారీదారు, దేశం, బోరు, గొట్టం పొడవు, మొత్తం పొడవు, సీరియల్ నంబరుతో పాటు ఎందుకు తెస్తున్నారు, చివరికి ఎవరికి చేరుతుంది అన్నదీ రాయాలి. ఫొటోలు అడిగింది ఇందుకే. సీరియల్ నంబరు దగ్గర టార్చి వేసి మరీ తీయండి. సున్నాని ‘ఓ’ అని చదివితే కస్టమ్స్‌లో సరుకు ఆగిపోతుంది. గొట్టం 18 అంగుళాలకు తగ్గితే అది వేరే చట్టం కిందికి పోతుంది, కాబట్టి టేపుతో కొలిపించి పంపండి. తుపాకీ 1898లోగా తయారైందని రుజువుంటే మాత్రం ఫారం 6 అక్కర్లేదు.

మన వైపు కూడా పని ఉంది. తాతగారు పోయాక తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు, పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. దేశం దాటించడానికి 1959 ఆయుధాల చట్టం 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. ఆ కాగితం, ఫారం 6 రెండూ చేతికొచ్చేదాకా రవాణా వాళ్లకు రూపాయి ఇవ్వొద్దు.

తుపాకీ మీ చేతికిచ్చే ముందు, తీసుకునేవాళ్ల వివరాలు రాసే 4473 ఫారం నింపుతారు. మన పేర్లు తంటా పెట్టేది ఇక్కడే. తాతగారి లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంటుంది. మీ పాస్‌పోర్టులో అదే పూర్తిగా విప్పి ఉంటుంది. 4473లో పొడి అక్షరాలు కుదరవు. మధ్యపేరు లేకపోతే ‘ఎన్ఎంఎన్’ (నో మిడిల్ నేమ్) అనీ, చట్టప్రకారం ఉన్నదే ఒక్క అక్షరమైతే దాని పక్కన ‘ఐఓ’ (ఇనీషియల్ ఓన్లీ) అనీ రాయాలి. ఇల్లు మారి మీ డ్రైవింగ్ లైసెన్సులో పాత చిరునామా ఉంటే, కొత్త చిరునామా ఉన్న ఇంకో ప్రభుత్వ పత్రం, అంటే బండి రిజిస్ట్రేషన్ లాంటిది, జతచేయాలి. పోస్టుబాక్సు చెల్లదు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

ప్రశ్న: నాది హెచ్1బి. మిత్రుడికి గ్రీన్‌కార్డు ఉంది. అతని పేరు మీద కొని నేను తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అసలు కొనేవాడు మీరేనా అని ఫారంలోనే అడుగుతారు. అబద్ధం రాయడం నేరం. 2022 చట్టం ప్రకారం ఇలా ఇంకొకరి కోసం కొనిపెడితే 15 ఏళ్ల దాకా జైలు. హెచ్1బి మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదన్నది మామూలు నియమమే అయినా, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. దాని కాపీ ఫారానికి జతచేసి, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) నంబరు రాయాలి. చాలామంది ఏమరపడేది గడువు దగ్గర. హంటింగ్ లైసెన్సు గడువు తీరితే ఇంట్లో ఉన్న తుపాకీ కూడా చట్టవిరుద్ధమే.

ప్రశ్న: కాపీలు దుర్వినియోగం అవుతాయని భయం.

జవాబు: జిరాక్సు మీద అడ్డంగా ‘దిగుమతి పర్మిట్ కోసం మాత్రమే’ అని ఇంగ్లీషులో రాసి తేదీ వేయండి, నంబర్ల మీద గీత పడకుండా. 4473లో సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం మీ ఇష్టం, తప్పనిసరి కాదు. అది లేకుండా పని జరగదని ఎవరైనా పట్టుబడితే వేరే ఇంపోర్టర్‌ని చూసుకోండి.