మా పాప స్ట్రైకర్: పదో తరగతికి ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాప తొమ్మిదో తరగతి, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో స్ట్రైకర్. ఈ ఏడాది టోర్నమెంట్లలో 11 గోల్స్ కొట్టింది. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అవుతానంటోంది. ఒక అకాడమీ వాళ్లు మూడేళ్ల ఫీజు ఒకేసారి కడితే 'ప్రో'ని చేస్తామంటున్నారు. మావారేమో ఆట మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు:

అమ్మా, ముందు ఆ మూడేళ్ల ఫీజు మాత్రం కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

'ప్రోని చేస్తాం' అని మాటిచ్చేవాళ్లకి ఆట కంటే అడ్మిషన్లు ముఖ్యం. వాళ్లని ఒక్కటే అడగండి. మీ పాప ఈడు అమ్మాయిలు పోయిన ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎవరితో ఆడారు? దానికి సరైన జవాబు చెప్పగలిగితే నెలనెలా ఫీజు కట్టి చేర్చండి. మన బెంగళూరులో రెండు వీధులకో టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న గ్రౌండ్, ఉంది. అయిదుగురేసి ఆడే ఆ చిన్న టర్ఫ్‌లో బంతి మీద పట్టు బాగానే వస్తుంది, కాదనను. కానీ స్ట్రైకర్ అసలు పని డిఫెండర్ల వెనక ఉన్న ఖాళీలోకి, ఆఫ్‌సైడ్ పడకుండా (మనవాళ్లు బంతి ఇవ్వకముందే డిఫెండర్లను దాటిపోతే ఆఫ్‌సైడ్), సరైన క్షణంలో పరుగు తీయడం. టర్ఫ్‌లో ఆ ఖాళీయే ఉండదు. పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మందితో ఆడితేనే ఆ లెక్క ఒంటబడుతుంది.

11 గోల్స్ అన్నారు, సంతోషం. అయితే స్కూల్ మ్యాచ్‌ల్లో వేగంగా పరిగెత్తే పిల్ల ఎవరైనా గోల్స్ కొడుతుంది. పదిహేడేళ్లు వచ్చేసరికి ఎదురుగా ఉన్న డిఫెండర్ కూడా అంతే వేగంగా పరిగెడుతుంది. అప్పుడు పనికొచ్చేది బంతిని మొదటి తాకుతోనే అదుపులోకి తెచ్చుకోవడం, రెండో కాలితో కూడా కొట్టగలగడం. వచ్చే రెండేళ్లలో మీ పాప ఎడమ కాలికి ఎంత పని చెబుతుందో నాకు ఈ గోల్స్ కంటే ఎక్కువ ఆసక్తి.

ఇక డబ్బు సంగతి. మన దేశంలో అమ్మాయిల పెద్ద లీగ్, ఇండియన్ విమెన్స్ లీగ్, 2016-17 సీజన్‌తో మొదలైంది. జట్లు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడింది 2023-24లోనే తొలిసారి. 2024-25లో 8 జట్లు పోటీపడ్డాయి, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. మరి మిగతా ఎనిమిది నెలలు? ఈ ప్రశ్నే మీరు వేసుకోవాల్సింది. క్లబ్బులు కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో సిఫారసు చేసింది. నెలలకు పంచితే 27 వేలు కూడా రాదు. జాతీయ జట్టు స్థాయి వాళ్లకి ఇంతకంటే ఎక్కువే ముడుతుంది, కానీ మీ ఇంటి లెక్క కింది మెట్టు నుంచే వేసుకోండి. ఎప్పుడైనా కాంట్రాక్టు చేతికొస్తే జీతం అంకె కంటే ముందు అది ఎన్ని నెలలకు రాశారో, గాయమైతే ఖర్చు ఎవరిదో చూడండి.

అందుకే మన ఆటగత్తెలు చాలామంది పక్కన ఒక ఉద్యోగం ఉంచుకుంటారు. బాలాదేవి మణిపూర్ పోలీసు శాఖలో పనిచేస్తూనే ఆడింది. 2020 జనవరిలో స్కాట్లాండ్ రేంజర్స్ క్లబ్బులో చేరేనాటికి ఆమెకు ముప్ఫై నిండబోతున్నాయి. ఇందుమతి కదిరేశన్ తమిళనాడులో సబ్ ఇన్‌స్పెక్టర్. రైల్వేలో, సరిహద్దు దళమైన సశస్త్ర సీమా బల్‌లో కూడా మహిళా జట్లున్నాయి. ఈ దారి మీవారికి చెప్పి చూడండి, ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది.

స్ట్రైకర్‌కి ఇంకో చిక్కుంది, అకాడమీ వాళ్లు చెప్పనిది. క్లబ్బులు విదేశీ ఆటగత్తెల కోసం డబ్బు పెట్టేటప్పుడు ఎక్కువగా ఆ స్థానానికే పెడతాయి. 2022-23లో లీగ్ టాప్ స్కోరర్ నేపాల్ అమ్మాయి సబిత్రా భండారి, 2024-25లో ఉగాండాకు చెందిన ఫజీలా ఇక్వాపుట్. అంటే మధ్యలో నిలబడి గోల్స్ మాత్రమే కొట్టే అమ్మాయికి బెంచీ తప్పకపోవచ్చు. వింగ్‌లో, అంటే గ్రౌండ్ అంచు వెంబడి కూడా ఆడగలిగితే చోటు దొరుకుతుంది. మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యనే చూడండి. వింగ్ మీద నుంచి దూసుకొచ్చే ఫార్వర్డ్. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెదే. మీ పాపకి ఇంకా ఈమె ఆట చూపించకపోతే ఇవాళే చూపించండి.

ఊరు మాత్రం మీకు కలిసొచ్చింది. కర్ణాటక ఫుట్‌బాల్ సంఘం మహిళల లీగ్ నడుపుతుంది. బెంగళూరు జట్టు కిక్‌స్టార్ట్ 2022-23లో జాతీయ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ గోకులం కేరళ చేతిలో ఓడింది. సొంతూరు కాబట్టి ఆంధ్ర తరఫున ఆడితే రాష్ట్ర జట్టులో చోటు తేలిక కదా అని కొందరు నన్ను అడుగుతుంటారు. నేనైతే ఇక్కడే రిజిస్టర్ చేయించమంటాను. పోటీ ఎక్కువే, కానీ వారం వారం మ్యాచ్‌లు దొరికేది ఉన్న ఊళ్లోనే.

ఇప్పుడు మీవారి మాట. ఆయన భయం అర్థమవుతోంది, కానీ 'రెండేళ్లు ఆపి తర్వాత ఆడొచ్చు' అనేది ఈ ఆటలో కుదరదు. కొన్నేళ్ల కింద నేనే ఒక హోసూరు అమ్మాయికి ఆ సలహా ఇచ్చాను. బంతి ఎక్కడికీ పోదులే అన్నాను. పదిహేనుకీ పదిహేడుకీ మధ్యే జూనియర్ జట్ల ఎంపికలు జరుగుతాయి. ఆ అమ్మాయి మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. ఆ సలహా తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అలాగని చదువు వదలమనను. పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు వరకు కూర్చోబెట్టే కోచింగ్ కాలేజీ వద్దు, అంతే. పీయూసీకి (మన ఇంటర్‌కి) హాజరు విషయంలో పట్టువిడుపులున్న కాలేజీ వెతకండి. కర్ణాటక కౌన్సెలింగ్‌లో క్రీడల కేటగిరీ సీట్లు కూడా ఉన్నాయి కాబట్టి ప్రతి సర్టిఫికెట్‌నీ ఒక ఫైల్లో దాచండి. పుట్టినతేదీ, పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో, స్కూల్ రికార్డులో ఒకేలా ఉండాలి. జూనియర్ స్థాయిలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, వయసు దిద్దిస్తామనే మహానుభావులు ఎదురైతే దూరం పెట్టండి.

తల్లిగా మీరు కనిపెట్టాల్సినది ఒకటుంది. మోకాలి కీలు లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు బాగా ఎక్కువ. తెగి ఆపరేషన్ అయితే తిరిగి ఆడటానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. దీన్ని తగ్గించడానికి ఫిఫా '11 ప్లస్' అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాల పని. కోచ్ అది చేయిస్తున్నాడో లేదో వెళ్లి చూడండి. ఆట మొదలయ్యాక నెలసరి వరసగా మూడు నెలలు రాకపోతే 'ఆటలో ఉంది కదా' అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి. చాలాసార్లు తిండి చాలకపోవడమే కారణం. ప్రాక్టీస్ నుంచి రాగానే గుడ్లో, పల్లీలో, సంగటో ఏదో ఒకటి కడుపునిండా పెట్టండి. సన్నగా ఉంటే వేగం వస్తుందని ఎవరైనా చెబితే పట్టించుకోకండి.

మీవారు ఇంతవరకు పాప మ్యాచ్ ఒక్కటైనా చూశారో లేదో మీరు రాయలేదు. ఈ ఆదివారం తీసుకెళ్లండి. గోల్స్ లెక్కపెట్టవద్దనండి. బంతి పోగొట్టుకున్నాక పాప నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతోందా, వెనక్కి తిరిగి వెంటపడుతోందా, అది ఒక్కటీ చూసి నాకు రాయమనండి.